నేను రాత్రంతా మేలుకునే ఉన్నాను, మిషనేమో ఆరు గంటలు నిద్రపోయావంటోంది. ఎవరి మాట నిజం?

గోదావరి_గట్టు:

నమస్కారం అండీ. ఇది రాయాలా వద్దా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. నిన్న రాత్రి మా ఆయనకీ నాకూ మళ్ళీ ఇదే విషయంలో మాటా మాటా వచ్చింది, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

నాకు 43 ఏళ్ళు, రాజమండ్రిలో ఉంటాం, బ్యాంకులో ఉద్యోగం. రెండేళ్ళుగా నాకు నిద్ర లేదు. అంటే మధ్యలో రెండుసార్లు మెలకువ రావడం, మళ్ళీ పడుకోవడం, అలాంటిది కాదు. పదింబావుకి పక్క ఎక్కుతాను, లైటు ఆర్పేస్తాం, ఇక అక్కణ్ణించి తెల్లారేదాకా అంతా తెలుస్తూనే ఉంటుంది. వంతెన మీద గూడ్సు బండి వెళ్ళడం వినపడుతుంది, ఫ్రిజ్ ఆగిపోయి మళ్ళీ మొదలవడం తెలుస్తుంది, వీధిలో వాచ్‌మన్ విజిల్, నాలుగున్నరకి పక్కవాళ్ళ మోటారు, అన్నీ. వీటి మధ్య బుర్రలో పని ఆగదు. ఆడిట్‌కి ఇవ్వాల్సిన ఫైలు, పాప ఫీజు, అమ్మ మోకాళ్ళ ఆపరేషన్, తిప్పి తిప్పి అవే.

మా ఆయనేమో "నువ్వు హాయిగా పడుకున్నావు, రెండింటికి నేను లేచి నీళ్ళు తాగి నీకు దుప్పటి కప్పాను, పేరు పెట్టి పిలిచాను కూడా, పలకలేదు, సన్నగా గురక కూడా పెడుతున్నావు" అంటారు. పొద్దున చూస్తే నిజంగానే నా మీద దుప్పటి ఉంది. అది ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. కానీ నేను నిద్రపోలేదన్న సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

సరే ఈ గొడవ ఎందుకని పోయిన నెల ఒక ఆసుపత్రిలో స్లీప్ స్టడీ చేయించుకున్నాను. ఒళ్ళంతా వైర్లు పెట్టి పడుకోబెట్టారు. పొద్దున అడిగితే "మహా అయితే రెండు గంటలు పడుకుని ఉంటాను, నిద్ర పట్టడానికే గంటన్నర పైన పట్టింది" అని చెప్పాను. రిపోర్టులో ఏముందంటే, లైటు ఆర్పింది 10:40కి, లేపింది 5:20కి, మొత్తం 400 నిమిషాల్లో 352 నిమిషాలు నిద్ర, పడుకున్న 19 నిమిషాలకే నిద్ర పట్టిందట. ఊపిరి ఆగిపోయే జబ్బు లేదట, గంటకి 3 సార్లు మాత్రమే ఊపిరి తగ్గిందట. డాక్టరు గారు కాగితం చూసి "మీరు బాగానే నిద్రపోతున్నారమ్మా, ఊరికే మనసులో పెట్టుకోకండి" అని పంపేశారు.

బయటికొచ్చి ఆటోలో కూర్చుని ఏడ్చాను. నేను అబద్ధం చెప్తున్నానని ఆయన అనలేదు, కానీ నాకు అలాగే వినిపించింది. నేను మేలుకుని ఉన్నానో లేదో నాకంటే మిషన్‌కి ఎక్కువ తెలుస్తుందా? తెలివిలో ఉండటం అంటే నాకు తెలియడమే కదా. అది నాకు తెలుస్తుంటే నేను నిద్రపోయానని ఇంకొకళ్ళు ఎలా చెప్తారు? ఈ సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

---

సాయి_వైజాగ్:

మేడమ్, పడుకునే ముందు ఫోన్ చూడకండి, సాయంత్రం కాఫీ మానేయండి, రోజూ అరగంట నడవండి. టెన్షన్ తగ్గించుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

---

గోదావరి_గట్టు:

సాయి గారూ, మంచి మాటే, కానీ ఫోన్ హాల్లో పెట్టి పడుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది, కాఫీ పొద్దున ఒక్కటే. నేను అడిగేది వేరు. నిద్ర ఎలా తెచ్చుకోవాలని కాదు, నాకు వచ్చింది నిద్రేనా కాదా అని.

---

రాత్రి_డ్యూటీ:

మేడమ్, నేను హైదరాబాద్‌లో స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళుగా ఇదే పని. మీకు వైర్లు పెట్టినట్టే రోజూ ఎవరో ఒకరికి పెడతాను. తల మీద, కళ్ళ పక్కన, గడ్డం కింద, కాళ్ళకి, ఛాతీకి, ముక్కు దగ్గర ఒక గొట్టం, పేస్టు రాసి అన్నీ అంటించేసరికి ముప్పావు గంట. తర్వాత పక్క గదిలో కూర్చుని తెల్లవార్లూ స్క్రీన్ చూస్తాను. మీరు చెప్పింది నాకు కొత్త కాదు. "సార్, ఒక్క కునుకు కూడా లేదు" అని పొద్దున చెప్పినవాళ్ళని నేను ఎంతోమందిని చూశాను, వాళ్ళ రికార్డింగ్‌లో ఐదారు గంటల నిద్ర ఉంటుంది. ఒకాయన అయితే నేను వైర్లు తీస్తుంటే నా చెయ్యి పట్టుకుని "బాబూ, నువ్వు కూడా నమ్మవా" అన్నాడు. ఆయన అబద్ధమాడటం లేదని నాకు తెలుసు. మీరూ ఆడటం లేదు. దీనికి వైద్యంలో పేరు కూడా ఉంది, పారడాక్సికల్ ఇన్‌సోమ్నియా అంటారు, పాత పేరు స్లీప్ స్టేట్ మిస్‌పర్సెప్షన్. డాక్టరు గారు ఆ పేరు ఒక్కటి చెప్పి ఉంటే మీకు ఆటోలో ఏడవాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు మిషన్ సంగతి. మీ రిపోర్టులో 352 నిమిషాలు అని వచ్చింది కదా, అది మిషన్ చెప్పిన మాట కాదు, నాలాంటివాడు కూర్చుని లెక్కపెట్టింది. రాత్రిని 30 సెకన్ల ముక్కలుగా కోస్తాం. 352 నిమిషాలంటే 704 ముక్కలు. ప్రతి ముక్కనీ చూసి, ఇందులో సగం కంటే ఎక్కువ ఏముంది, మెలకువా నిద్రా, నిద్రైతే ఏ దశ, అని ఒక్కో పేరు పెట్టుకుంటూ పోతాం. 1968లో అలెన్ రెక్ట్‌షాఫెన్, ఆంథొనీ కేల్స్ అనేవాళ్ళు రూల్స్ రాశారు, 2007లో అమెరికా స్లీప్ మెడిసిన్ వాళ్ళు వాటిని మార్చారు, ముక్క మాత్రం 30 సెకన్లే ఉండిపోయింది. కాబట్టి ఒక ముక్కలో మీరు 10 సెకన్లు మేలుకుని గూడ్సు బండి విని మళ్ళీ జారుకున్నారనుకోండి, ఆ ముక్క మొత్తం నిద్ర కిందే పడుతుంది. కనీసం 3 సెకన్లు ఉండి, దాని ముందు 10 సెకన్లు నిద్ర ఉంటే దాన్ని అరౌజల్ అని విడిగా గుర్తు పెడతాం, కానీ అది నిద్ర నిమిషాల్లోంచి తగ్గదు. మీ రిపోర్టు రెండో పేజీలో అరౌజల్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, అంటే గంటకి అలాంటివి ఎన్ని వచ్చాయో, చూడండి.

ఇంకొక మాట. కళ్ళు మూసుకుని మేలుకున్నవాళ్ళకి తల వెనకభాగంలో సెకనుకి 8 నుంచి 13 అలలు వస్తాయి. నిద్రలోకి జారేటప్పుడు అవి చెదిరిపోతాయి, తర్వాత సెకనుకి 11 నుంచి 16 చొప్పున చిన్న చిన్న కదురుల్లాంటి గుత్తులు వస్తాయి, వాటిని స్పిండిల్స్ అంటాం. వాటి మధ్యలో అప్పుడప్పుడు ఒక పెద్ద అల లేస్తుంది, కె-కాంప్లెక్స్ అని. అది బయట చప్పుడైతే కూడా లేస్తుంది. మా ల్యాబ్ పక్క రోడ్డులో లారీ హారన్ కొడితే ఆ క్షణంలోనే స్క్రీన్ మీద అల లేవడం నేను రోజూ చూస్తాను, మనిషి మాత్రం కదలడు. అంటే నిద్రలో కూడా మెదడు వింటోంది. మీరు గూడ్సు బండి విన్నానంటే నిజంగా విన్నారేమో. విన్నంత మాత్రాన మేలుకున్నట్టు కాదు, అంతే.

---

గోదావరి_గట్టు:

తమ్ముడూ, ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండేళ్ళలో ఎవరూ ఇలా చెప్పలేదు. అరౌజల్ ఇండెక్స్ 14 అని ఉంది. ఎక్కువా?

---

రాత్రి_డ్యూటీ:

మీ వయసుకి అది భయపడే అంకె కాదు మేడమ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా రాత్రి చాలాసార్లు అలా క్షణంపాటు తేరుకుంటారు, పొద్దున్న వాళ్ళకి ఒక్కటీ గుర్తుండదు.

---

పాత_పంతులు:

అమ్మా, నేను కళాశాలలో సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ప్రశ్న చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మన దేశంలో పండితులు వందల ఏళ్ళు వాదించుకున్న ప్రశ్న మీరు మీ పడకగదిలోంచి అడిగారు.

వేదాంతులు ఒక మాట ఎప్పుడూ ఉదాహరిస్తారు: "సుఖమహమస్వాప్సం, న కించిదవేదిషమ్". హాయిగా నిద్రపోయాను, నాకేమీ తెలియలేదు అని నిద్ర లేచినవాడు చెప్పే మాట. ఏమీ తెలియకపోతే హాయిగా ఉందని ఎలా తెలిసింది? నైయాయికులు, అంటే తర్కశాస్త్రం వాళ్ళు, ఏమంటారంటే, అది తెలిసింది కాదయ్యా, లేచాక ఊహించుకున్నది, ఒళ్ళు తేలిగ్గా ఉంది కాబట్టి హాయిగా పడుకుని ఉంటాను అని తర్కంతో తేల్చుకున్నాడు, అంతే. అద్వైతులు ఒప్పుకోరు. అది జ్ఞాపకం, అనుభవం లేనిదే జ్ఞాపకం రాదు, కాబట్టి గాఢనిద్రలో కూడా సాక్షి ఒకడున్నాడు అంటారు. మాండూక్యం పన్నెండు మంత్రాల చిన్న ఉపనిషత్తు, అందులో ఐదోది సుషుప్తిని చెప్పేది. ఏ కోరికా కోరకుండా, ఏ కలా కనకుండా ఉండటమే సుషుప్తి అంటుంది.

కానీ మీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇంకొకటి. యోగసూత్రాలు రాసిన పతంజలి నిద్రని చిత్తవృత్తుల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. అంటే నిద్ర అనేది మనసు లేకపోవడం కాదు, అది కూడా మనసు చేసే ఒక పని. ఆ సూత్రాలకి వ్యాఖ్యానమైన వ్యాసభాష్యంలో, నిద్ర లేచినవాళ్ళు మూడు రకాలుగా చెప్తారని ఉంది. ఒకడు హాయిగా పడుకున్నాను, మనసు తేటగా ఉంది అంటాడు. ఇంకొకడు "దుఃఖమహమస్వాప్సం, స్త్యానం మే మనః, భ్రమత్యనవస్థితమ్" అంటాడు, కష్టంగా పడుకున్నాను, మనసు మొద్దుబారింది, నిలకడ లేకుండా తిరుగుతోంది అని. మూడోవాడు మొద్దు నిద్ర పోయాను, ఒళ్ళు బరువుగా ఉంది అంటాడు. ఆ రెండోవాడి మాట ఒకసారి మళ్ళీ చదవండి. పడుకున్నాడు, మనసు తిరుగుతూనే ఉంది. రెండూ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

మన తెలుగులోనూ దీనికి మాట ఉంది కదమ్మా, మాగన్ను. మా అమ్మ మధ్యాహ్నం మంచం మీద ఒరిగి ఉంటే నేను వెళ్ళి మామిడికాయ తీసుకోబోయేవాణ్ణి, కళ్ళు తెరవకుండానే "అది ఊరగాయకి, ముట్టుకోకు" అనేది. నిద్రలో ఉన్నావనుకున్నా అంటే "మాగన్నుగా ఉందిరా" అనేది. ఆవిడ ఉన్నది నిద్రలోనా మెలకువలోనా అని అడిగితే మా భాషే ఆ ప్రశ్నకి మూడో జవాబు ఇచ్చింది.

---

ఉష_ఎంఫిల్:

అక్కా, నేను సైకాలజీలో పరిశోధన చేస్తున్నాను, నా పని నిద్ర మీద కాదు గానీ ఈ విషయం మీద ఇష్టంతో చాలా చదివాను. మాస్టారు చెప్పింది చాలా బాగుంది, దాన్ని పట్టుకునే ఇటువైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టరు 1924లో మొదటిసారి మనిషి తల మీంచి మెదడు అలల్ని రికార్డు చేశాడు. 1937లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూమిస్ బృందం ఆ అలల్ని బట్టే నిద్రని దశలుగా విడగొట్టింది. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కళ్ళు వేగంగా కదిలే నిద్ర ఒకటుందని రాశారు, అదే రెమ్ నిద్ర. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, అప్పటిదాకా నిద్ర అంటే మనిషి చెప్పేదీ పక్కవాళ్ళు చూసేదీ, అప్పటినుంచి గీతలు చెప్పేది. చాలామందిలో ఈ రెండూ కలుస్తాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. మీలాంటివాళ్ళ దగ్గర కలవవు. కలవనప్పుడు గీతలే నిజం, మనిషి పొరపాటు అని అనేయడం సులభం. అది న్యాయం కాదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

2021లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఫ్రాన్సెస్కా సిక్లారి బృందం మంచి నిద్ర ఉన్నవాళ్ళనీ, మీలాగా చెప్పేవాళ్ళనీ తెచ్చి, తలకి వందల ఎలక్ట్రోడ్లు పెట్టి, రాత్రిలో పదే పదే లేపి, "ఇప్పుడు లేపకముందు నిద్రలో ఉన్నారా, మేలుకుని ఉన్నారా, ఎంత గాఢంగా" అని అడిగారు. నాకు ఆశ్చర్యం వేసిందేంటంటే, మంచి నిద్ర ఉన్నవాళ్ళు కూడా నిద్రలోంచి లేపినప్పుడు కొన్నిసార్లు "మేలుకునే ఉన్నాను" అన్నారు. అదీ రాత్రి మొదటి రెండు గంటల్లో, గీతల ప్రకారం నిద్ర గాఢంగా ఉండే వేళలో, వాళ్ళకి నిద్ర పలచగా అనిపించింది. బాగా గాఢంగా ఉందని చెప్పింది రెమ్ నిద్రలో, అంటే కలల్లో మునిగిపోయినప్పుడు. పుస్తకాల్లో డీప్ స్లీప్ అని రాసేదానికీ మనిషికి లోతుగా అనిపించేదానికీ పొంతన లేదు. మీలాంటివాళ్ళకి మేలుకున్నట్టు అనిపించడం ఇంకా ఎక్కువసార్లు జరిగింది, ఆ సమయంలో వాళ్ళ మనసులో ఉన్నవి కలలకంటే ఆలోచనల్లాంటివి ఎక్కువ. అంతకంటే ముఖ్యం, నిద్రలో ఉండి మేలుకున్నట్టు అనిపించిన వేళల్లో మెదడు అలల్లో మెలకువ పోలికలు కనిపించాయి. మామూలుగా వైర్లు తక్కువ పెట్టి, 30 సెకన్ల ముక్కలు చూస్తే అది కనిపించదు.

అంటే మీ ఫైలు, ఫీజు, మోకాళ్ళ ఆపరేషన్, అవి మీరు మేలుకుని ఆలోచించినవి కావచ్చు, నిద్రలోనే నడిచిన ఆలోచనలూ కావచ్చు. కల అయితే ఏనుగు ఎగిరింది కాబట్టి అది కల అని పొద్దున తెలిసిపోతుంది. నిద్రలో వచ్చింది కూడా ఆడిట్ ఫైలే అయితే అది నిద్ర అని మీకు ఎవరు చెప్తారు, ఎలా తెలుస్తుంది?

జ్ఞాపకం సంగతి కూడా ఉంది. నిద్ర పట్టడానికి ముందు కొద్ది నిమిషాల్లో విన్న మాటలు పొద్దున చాలామందికి గుర్తుండవు. మనకి నిద్ర పట్టిన క్షణం ఎప్పటికీ దొరకదు, దానికి ఇటువైపు అంచు కూడా చెరిగిపోతుంది. అందుకని పదకొండింటికి ఒక మెలకువ, పన్నెండింటికి ఒకటి, ఒంటిగంటకి ఒకటి ఉంటే, మధ్యలో ఖాళీకి గుర్తు లేదు కాబట్టి, మూడూ అతుక్కుని ఒకే పొడుగు మెలకువ అయిపోవచ్చు. మీ దుప్పటి ఆ ఖాళీలో వచ్చింది అక్కా.

---

పాత_పంతులు:

అమ్మా ఉషా, బాగా చెప్పావు. కానీ ఒకచోట ఆగాలి. వాళ్ళని లేపి అడిగారు అన్నావు. లేపాక చెప్పింది లేచినవాడి మాటే కదా? నైయాయికుడు ఇక్కడే పట్టుకుంటాడు. మేలుకుని ఉన్నాను అనేది నిద్రలో కలిగిన అనుభవమా, లేపిన క్షణంలో పుట్టిన ఊహా?

---

ఉష_ఎంఫిల్:

మాస్టారూ, సరిగ్గా అదే ఈ రంగంలో అందరినీ ఇబ్బంది పెట్టే ప్రశ్న. అనుభవం గురించి మనకి దొరికేది మాటే, ఆ మాట ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది. దీనికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదని నా అభిప్రాయం. కానీ ఒకటుంది. అది కేవలం లేచాక చేసిన ఊహే అయితే, లేపకముందు ఉన్న అలలకీ ఆ మాటకీ సంబంధం ఉండకూడదు. ఉంది. అందుకే నేను ఇందులో అద్వైతుల పక్షానికి కొంచెం దగ్గరగా ఉన్నాను, మొత్తంగా కాదు. ఎందుకంటే రెండోవైపు ఇంకో ప్రయోగం ఉంది. 2014లో పారిస్‌లో సిద్ కుయ్‌దర్ బృందం, నిద్రలోకి జారిపోతున్నవాళ్ళకి మాటలు వినిపించి, జంతువైతే ఒక చెయ్యి, వస్తువైతే ఇంకో చెయ్యి అని ముందే అలవాటు చేశారు. నిద్ర పట్టాక చేతులు కదల్లేదు, కానీ మెదడులో సరైన చేతిని కదపడానికి తయారీ మాత్రం జరుగుతూనే ఉంది. లేచాక ఆ మాటలు ఒక్కటీ గుర్తు లేదు. వినడం, అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకోవడం కూడా జరిగాయి, కానీ "నాకు తెలుసు" అనేవాడు లేడు. అక్క విషయంలో తలకిందులు, అలలు నిద్రవే, "నాకు తెలుసు" అనేది మాత్రం ఆరిపోలేదు.

---

ఖమ్మం_పాత_రోగి:

అక్కా, నేను పండితుణ్ణి కాదు, ఇదే బాధ నాలుగేళ్ళు పడినవాణ్ణి, ఇప్పుడు చాలావరకు బయటపడ్డాను, అందుకని రాస్తున్నా.

నాకు మొదట ఉపయోగపడింది గడియారం తీసేయడం. మీ పోస్టులో నాలుగున్నరకి మోటారు అని రాశారు, నాలుగున్నర అని ఎలా తెలిసింది? చూస్తున్నారన్నమాట. నేనూ అంతే, గోడ గడియారం ముల్లు చీకట్లో మెరుస్తుండేది, కళ్ళు తెరిచినప్పుడల్లా చూసి, ఇంకా ఎంత మిగిలిందో లెక్కేసుకునేవాణ్ణి. ఆ లెక్కతోనే గుండె దడ. నిద్ర వచ్చిందా రాలేదా అని కాపలా కాస్తుంటే, కాపలా కాసేవాడు ఎలా పడుకుంటాడు చెప్పండి.

ఒక సైకాలజిస్టు దగ్గర సీబీటీ-ఐ అనే పద్ధతి చేశాను, మాటలతో, అలవాట్లతో చేసేది, మందు కాదు. 2016లో అమెరికా డాక్టర్ల సంఘం ఒకటి నిద్రలేమికి మందుల కంటే ముందు దీన్నే ఇవ్వాలని చెప్పిందని ఆవిడే చెప్పారు. పక్క మీద ఉండే టైము తగ్గించేశారు, రాత్రి 12 నుంచి 5:30 దాకా మాత్రమే. నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళి కూర్చోవాలి, వచ్చాకే మళ్ళీ పక్క ఎక్కాలి, ఎప్పుడు పడుకున్నా పొద్దున లేచే టైము ఒక్కటే, పగలు కునుకు లేదు. మొదటి పదిరోజులు నరకం. పదకొండింటికి కళ్ళు మూసుకుపోతుంటే మా అమ్మ పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ కబుర్లు చెప్పేది నన్ను ఆపడానికి. ఆ రోజుల్లో బండి నడపలేదు, ఆఫీసుకి బస్సులోనే వెళ్ళాను. మూడో వారంలో ఒక రోజు పడుకున్నాననే తెలివి లేకుండా తెల్లారింది. నిజంగా చెప్తున్నా, అలారం విని ఏడుపొచ్చింది. తర్వాత వారానికి 15 నిమిషాలు చొప్పున పెంచుకుంటూ వెళ్ళారు.

మీ అంతట మీరు మొదలుపెట్టకండి. మూర్ఛ ఉన్నవాళ్ళకీ, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళకీ నిద్ర తగ్గించడం ప్రమాదం అని నన్ను ముందే అడిగి చూసుకున్నారు. ఎవరైనా తెలిసినవాళ్ళ చేతుల్లోనే చేయాలి.

---

గోదావరి_గట్టు:

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఖమ్మం తమ్ముడూ, గడియారం సంగతి నిజం. మంచం పక్కన చిన్న డిజిటల్ గడియారం ఉంది, ఎర్ర అంకెలు. ఈ రోజే తీసి వంటింట్లో పెడతాను.

ఒకటి అడగాలి. మా తోడికోడలు నిద్రమాత్ర వేసుకుంటుంది, సగం ఇచ్చి వేసుకోమంది. రెండు రోజులు వేసుకున్నాను, దాచడం ఎందుకు. ఆ రెండు రోజులూ నాకు ఏమీ తెలియలేదు, హాయిగా అనిపించింది. అందుకే భయంగా కూడా ఉంది.

---

రాత్రి_డ్యూటీ:

మేడమ్, ఇంకొకళ్ళ చీటీ మీది మాత్ర వేసుకోవద్దు, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. ఆ రకం మాత్రలు చాలావాటికి జ్ఞాపకాన్ని కూడా ఆపే గుణం ఉంటుంది. మేలుకున్నా గుర్తుండకపోవచ్చు. హాయిగా అనిపించినదాంట్లో నిద్ర ఎంతో, మరుపు ఎంతో చెప్పలేం. అలవాటు కూడా పడతాయి. రెండు రోజులే అంటున్నారు కాబట్టి మళ్ళీ ముట్టుకోకండి. రోజూ వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మీరు చేయాల్సిన పని ఒకటి చెప్తాను. మీ స్టడీ చేసిన చోటికి వెళ్ళి హిప్నోగ్రామ్ ఇమ్మని అడగండి, రాత్రంతా మెట్లు మెట్లుగా గీసి ఉంటుంది, మీ రికార్డు అడిగే హక్కు మీకుంది. టెక్నీషియన్ ఖాళీగా ఉన్న టైములో పక్కన కూర్చుని, నిద్ర పట్టిందని మేం అనుకున్న చోటు చూపించమనండి. నేను చాలామందికి చూపించాను. "మీరు అబద్ధం" అని కాదు, "ఇదిగో ఇక్కడ మీ స్పిండిల్స్, ఇక్కడ హారన్ మోగింది, మీ మెదడు ఇలా లేచి మళ్ళీ పడుకుంది" అని. అలా చూశాక చాలామంది ముఖంలో బిగువు తగ్గుతుంది.

---

ఉష_ఎంఫిల్:

ఇది ఉత్త ఓదార్పు కాదు. 2004లో నికోల్ టాంగ్, ఆలిసన్ హార్వే అనేవాళ్ళు నిద్రలేమి ఉన్నవాళ్ళకి వాళ్ళు చెప్పినదానికీ చేతికి కట్టిన పరికరం చెప్పినదానికీ ఉన్న తేడాని వాళ్ళకే చూపిస్తే నిద్ర గురించిన ఆందోళన తగ్గిందని రాశారు. అక్కా, మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళండి.

---

గోదావరి_గట్టు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇద్దరం వెళ్ళాం. అక్కడి అబ్బాయి చాలా ఓపికగా చూపించాడు. 10:59 దగ్గర వేలు పెట్టి "ఇక్కడ నిద్ర పట్టింది మేడమ్" అన్నాడు. ఆ సమయంలో ఏసీ చప్పుడు గురించి ఆలోచిస్తున్నట్టు నాకు గుర్తు. చెప్పాను. అతను కాదనలేదు, "ఆలోచిస్తూనే ఉండి ఉంటారు" అన్నాడు. మా ఆయన ఆ గీతలవైపు చాలాసేపు చూసి, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి భోజనం దగ్గర "నీకు తెలుస్తూనే ఉందంటే ఇదన్నమాట" అన్నారు, అంతే. అప్పటినుంచి నువ్వు పడుకున్నావు అనే మాట అనలేదు, పొద్దున "ఎలా ఉంది" అని అడుగుతున్నారు.

నిద్ర ఇంకా సరిపోలేదు. కాకినాడలో ఒక సైకాలజిస్టు దొరికారు, వచ్చే సోమవారం మొదటిసారి వెళ్తున్నాను. గడియారం వంటింట్లోనే ఉంది. మాస్టారూ, ఇప్పుడు ఎవరైనా ఎలా పడుకున్నావు అంటే మీ మాటే చెప్తున్నాను, మాగన్నుగా అని. మొన్న గురువారం రాత్రి దుప్పటి కప్పడం తెలిసింది నాకు, అంచు నా భుజం మీద పడటం, ఆయన చెయ్యి. మెలకువ వచ్చేసింది, ఇక అయిపోయింది అనుకున్నాను. తర్వాత ఇంకేం గుర్తు లేదు.

---

పాత_పంతులు:

శుభం తల్లీ. సోమవారం వెళ్ళొచ్చాక రాయి.